మైకు లేని పందెం

ఎనిడ్ ఫీల్డెన్ తన జన్మలో ఒక్కసారి కూడా కాళ్లకు స్కీలు తగిలించుకోలేదు. అయినా హార్‌క్లఫ్ వాలు మీద పంతొమ్మిదేళ్లుగా జరిగిన ప్రతి పందేన్నీ నడిపించింది ఆవిడే. బడి వంటగదిలో పెద్ద వంటమనిషిగా చేసి రిటైరైంది. మూడు వందల మంది పిల్లలకు సరిగ్గా పన్నెండింటికి వడ్డించిన చేతికి, నూట నలభై మందిని వరసగా కొండ మీంచి కిందికి దింపడం ఒక పనే కాదనేది. ఆవిడ పిల్లలిద్దరూ చిన్నప్పుడు మా క్లబ్బులో స్కీయింగ్ నేర్చుకుని, పెద్దయ్యాక మానేశారు. ఆవిడే మానలేదు.

నేను అప్పట్లో ఊరి లైబ్రరీలో పనిచేసేదాన్ని. ఆదివారాలు గడియారం గదిలో కూర్చునేదాన్ని. గది అంటే వాలు అడుగున చెక్కలతో కట్టిన గుడిసె. పైన బయలుదేరే చోట ఒక తీగ, కింద గీత దగ్గర ఒక తీగ. రెంటికీ మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో నా ముందున్న పెట్టె చెప్తుంది, నేను రాస్తాను, ఎనిడ్ వచ్చి కాగితం తీసుకుపోతుంది. ఏళ్ల తరబడి మా ఇద్దరి స్నేహం ఆ కాగితాల మీదే నడిచింది.

మా వాలు మీద మంచు ఉండదు. పాత నూలు మిల్లు వెనక కొండకి నూట ఇరవై గజాల పొడవున తెల్లటి బ్రష్షు చాపలు పరిచి ఉంటాయి. వాటి మీదే జారతాం. చాపలు ఎప్పుడూ తడిగా ఉండాలి. పొడిబారితే స్కీలు పట్టేస్తాయి, వాటి అడుగు వేడెక్కి కరుగుతుంది, పడ్డవాళ్ల మోచేతులు తోలు లేచిపోతాయి. అందుకని పక్కల పొడుగునా నీళ్లు చిమ్మే గొట్టాలున్నాయి. లాంకషైర్‌లో వానకేం కరువు? నీళ్ల గురించి ఆలోచించాల్సిన అవసరం మాకెప్పుడూ రాలేదు.

తొంభై అయిదు వేసవిలో వచ్చింది. ఏడు వారాల పాటు మా వైపు చుక్క పడలేదు. కొండల మీద గడ్డి చాపల రంగుకి తిరిగింది. జూలై రెండో వారంలో నీళ్ల కంపెనీ వాళ్లు ఇంటింటికీ కాగితం పంపారు, తోటలకీ కార్లకీ గొట్టాలతో నీళ్లు వాడకూడదని. మా వాలుకి వేరే ఉత్తరం వచ్చింది. భాష మర్యాదగానే ఉంది, అర్థం మాత్రం అదే.

వేసవి లీగులో అయిదో పందెం మా దగ్గర జరగాల్సింది ఆ వచ్చే ఆదివారమే. అయిదు క్లబ్బులు వస్తున్నాయి. బస్సులు మాట్లాడుకున్నారు. మంగళవారం ఎనిడ్ వంటింట్లో కూర్చున్నాం.

"రద్దు చేసేద్దాం, అంతే. ఏం చేస్తాం?" అన్నాడు డెరెక్ లోమాక్స్. పన్నెండేళ్లుగా మా పందేలకి మైకులో మాట్లాడేది అతనే. వారమంతా బస్సు డిపోలో పని, ఆదివారం మైకు. మైకు లేకపోయినా అదే గొంతు.

"రద్దు చేస్తే మళ్లీ ఎప్పుడు పెడతావ్? అన్ని ఆదివారాలూ నిండిపోయాయి. అయిదో పందెం ఎగిరిపోతుంది," అంది ఎనిడ్.

"మరి నీళ్లు నువ్వు మోస్తావా, బకెట్లతో?"

ఎనిడ్ కిటికీ లోంచి బయటికి చూస్తూ ఉంది. అక్కణ్ణుంచి చూస్తే మిల్లు కనిపిస్తుంది, మిల్లు పక్కన వాలు, వాలుకి అవతల రాతి గోడ, గోడకి అవతల క్రాన్‌షా పొలం. ఆ పొలంలో పాత మిల్లు చెరువు. మిల్లు మూతపడ్డాక చెరువు క్రాన్‌షా కొనుక్కున్నాడు. కొండ ఊట దాంట్లోకే దిగుతుంది. ఏడు వారాల ఎండకి కూడా అది ఎండలేదు.

డెరెక్ ఆవిడ చూపు ఎటుందో చూశాడు. "వద్దు. ఆయన మనకి ఉమ్మి కూడా ఇవ్వడు."

*

నార్మన్ క్రాన్‌షాకి మా మీద కోపం రావడానికి కారణం ఉంది. ఆయన గొర్రెల్ని కాసే కుక్కలకి శిక్షణ ఇచ్చి పోటీలకి తీసుకెళ్తాడు. కుక్కకి ఆజ్ఞలన్నీ ఈలలతోనే. ఒక ఈలకి ఎడమకి తిరుగుతుంది, ఇంకో ఈలకి కుడికి, పొడుగు ఈలకి ఆగి పడుకుంటుంది. డెరెక్‌కేమో జనం గోల చేస్తుంటే రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని మైకులో ఈల వెయ్యడం అలవాటు. రెండేళ్ల క్రితం ఒక ఆదివారం క్రాన్‌షా తన ఆడకుక్క ఫ్లైని పోటీకి తయారు చేస్తున్నాడు. గోడకి ఇవతల డెరెక్ ఈల వేశాడు. ఫ్లై ఆ ఈల విని ఎడమకి తిరిగి, పధ్నాలుగు గొర్రెల్ని బుద్ధిగా తీసుకెళ్లి వాగులో దింపేసింది. ఆ పోటీ ఆయన గెలవలేదు. ఆ కుక్క తర్వాత కూడా ఆదివారం వస్తే మంచం కిందికి దూరేదట. క్రాన్‌షా క్లబ్బుకి మూడు ఉత్తరాలు రాశాడు. ఎనిడ్ మూడింటికీ జవాబు రాసింది, డెరెక్‌కి రెండుసార్లు చెప్పింది. అతను ఒక నెల మానాడు, మళ్లీ మొదలెట్టాడు.

బుధవారం పొద్దున్న ఎనిడ్ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. క్రాన్‌షా పెరట్లో ఒక గొర్రెని తిరగేసి మోకాళ్ల మధ్య ఇరికించుకుని గిట్టలు కత్తిరిస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి. తలెత్తలేదు.

"నీళ్లు కావాలి, క్రాన్‌షా గారూ," అంది ఎనిడ్. "ఆదివారం ఒక్కరోజుకి. చెరువులోంచి."

"మీ జారుడాటకా?"

"అవునండీ."

"మంచు పడని ఊళ్లో బ్రష్షుల మీద జారతారు. ఇప్పుడేమో వాన పడలేదని నా చెరువు కావాల్సొచ్చింది." ఇంకో గిట్ట పట్టుకున్నాడు. "రేపు కొండ ఎత్తు చాలలేదని నా పొలంలో మట్టి కూడా అడుగుతారు."

"మట్టి అక్కర్లేదు. వాలు సరిపోయింది."

ఆయన మొదటిసారి తలెత్తి చూశాడు. ఎనిడ్ మొహంలో నవ్వేం లేదు. నిజంగానే సమాధానం చెప్పింది.

"ఆ మైకోడు ఇంకా ఉన్నాడా?"

"ఉన్నాడు."

"వాణ్ణి నేనేం అనను. మనిషి మంచోడే అయ్యుంటాడు. కానీ నాకు పోయిన నెల్లో కొత్త కుక్కపిల్ల వచ్చింది. ఇప్పుడిప్పుడే ఈలలు నేర్పుతున్నా. దీని బుర్ర కూడా పాడవడం నాకిష్టం లేదమ్మా." గొర్రెని వదిలేశాడు. అది లేచి ఒళ్లు దులుపుకుని పోయింది. "నీళ్లిస్తా. పంపు కూడా నాదే పెడతా, ట్రాక్టరుకి తగిలించి. ఆ రోజు మైకు ఉండకూడదు. ఈల ఉండకూడదు. ఆ బొయ్యిమనే హారన్ ఉంటుందే, అదీ వద్దు. ఒక్కసారి వినపడిందా, పంపు ఆపేస్తా. మీవాళ్లు ఎక్కడున్నా సరే, సగం దారిలో ఉన్నా సరే."

"సరేనండీ," అంది ఎనిడ్.

నేను తెల్లబోయాను. కమిటీని అడగాలి కదా, అయిదు క్లబ్బుల వాళ్లకి చెప్పాలి కదా. తిరిగొచ్చేటప్పుడు అదే అన్నాను.

"అడిగితే మూడు మీటింగులు. ఆదివారం వచ్చేస్తుంది," అంది ఎనిడ్.

"మరి డెరెక్‌కి ఎవరు చెప్తారు?"

"నేనే. ముందు చీజు, ఉల్లిపాయలు కూరి కాల్చిన రొట్టె ఒక ముక్క పెట్టి, తర్వాత చెప్తాను."

రెండు ముక్కలు పట్టింది. డెరెక్ రెండోది తింటూ తింటూ ఆగిపోయాడు.

"మైకు లేకుండా పందెమా? ఎవరు దిగుతున్నారో, ఎంతలో దిగారో జనానికి ఎలా తెలుస్తుంది? పన్నెండేళ్లుగా ఈ కొండకి గొంతు నేనే, ఎనిడ్."

"తెలుసయ్యా. ఈ ఆదివారానికి కొండకి గొంతునొప్పి అనుకో."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"లేదు. బడి నుంచి తెచ్చుకున్న నల్లబల్ల ఉంది నా దగ్గర, వంటలు రాసేది. నువ్వు దాని మీద టైములు రాస్తావు. నీ చేతిరాత అందరికన్నా బాగుంటుంది."

నిజానికి అతని రాత కోడి కెలికినట్టుంటుంది. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా సరేనన్నాడు.

*

శనివారం పంపు పెట్టారు. చెరువులోంచి గోడ మీదుగా లావు గొట్టం వచ్చి మా గొట్టాలకి కలిసింది. ట్రాక్టరు మొదలెట్టగానే చిమ్మే ముక్కులన్నిట్లోంచీ నీళ్లు లేచాయి, నిమిషంలో ఒక్కొక్కటే ఆగిపోయాయి. చెరువు నాచు ముక్కుల్లో ఇరుక్కుంది. యాభై రెండు ముక్కులు. పన్నెండు మందిమి మోకాళ్ల మీద కూర్చుని గుండుసూదులతో నాచు తీశాం. మళ్లీ పెట్టారు, మళ్లీ ఆగాయి.

ఎనిడ్ ఇంటికెళ్లి ఒక సంచీతో తిరిగొచ్చింది. దాంట్లోంచి తన నైలాను మేజోళ్లు, నడుము దాకా వచ్చేవి, అయిదారు జతలు తీసింది.

"ఇవి గొట్టం మూతికి కట్టండి. రెండు పొరలు. పులుసు ఇలాగే వడగట్టేదాన్ని, గుడ్డ చిరిగిపోయిన రోజు."

క్రాన్‌షా వాటిని రెండు వేళ్లతో పట్టుకుని కాసేపు గాల్లో ఉంచాడు. పెళ్లి లేకుండా డెబ్బై ఏళ్లు గడిపిన మనిషి. చెవులు ఎర్రబడ్డాయి. చెరువు దగ్గరికెళ్లి కట్టేశాడు. నీళ్లు మళ్లీ ఆగలేదు. చాపలు తడిసి మెరిశాయి. వాలంతా చెరువు వాసన.

ఆదివారం పొద్దున్నే బస్సులు దిగాయి. ఎనిడ్ ప్రతి క్లబ్బు పెద్దకీ ఒకే మాట చెప్పింది. "మైకు లేదు. అరవకండి, ఈల వెయ్యకండి. పిల్లలకి కూడా చెప్పండి. నీళ్లు దాని మీదే ఉన్నాయి." వాళ్లు వింతగా చూశారు కానీ తడిసిన చాపలు చూశాక ఎవరూ వాదించలేదు. మిగతా క్లబ్బుల వాలులన్నీ అప్పటికే ఎండిపోయి ఉన్నాయి మరి.

పందెం మొదలైంది. పైన బయలుదేరే చోట ఉన్నామె చెయ్యి వేసి భుజం తట్టి పంపుతోంది. కింద డెరెక్ నల్లబల్ల ముందు సుద్దముక్కతో నిలబడ్డాడు. జనం చప్పట్లు కొట్టబోయి ఆగి, చేతులు పైకెత్తి ఊపడం మొదలెట్టారు. పది మంది దిగేసరికి అందరికీ అలవాటైపోయింది.

నేను అన్నేళ్లుగా ఆ గుడిసెలో కూర్చున్నాను గానీ స్కీల చప్పుడు సరిగా విన్నది ఆ రోజే. తడి బ్రష్షుల మీద అది బట్టని నిదానంగా చింపుతున్నట్టు ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు చప్పుడు చిక్కబడుతుంది. మలుపు మలుపుకీ గుర్తుగా పాతిన గేటు కర్ర భుజానికి తగిలి టప్పుమని వంగి లేస్తుంది. కళ్లు మూసుకుని కూడా ఎవరు బాగా దిగుతున్నారో చెప్పగలిగేదాన్ని. జనం తాడు దగ్గరికి వచ్చి ఒకరి భుజం మీంచి ఒకరు చూస్తున్నారు. మైకు ఉన్న రోజుల్లో సగం మంది టీ కొట్టు దగ్గరే ఉండేవాళ్లు.

డెరెక్ రెండుసార్లు మర్చిపోయాడు. మొదటిసారి తనకు తనే చెయ్యి నోటి మీద వేసుకున్నాడు. రెండోసారి పిల్లలు కొందరు తాడు కిందనుంచి దూరి వాలు మీదికి వెళ్తుంటే రెండు వేళ్లూ పెదాల దాకా వెళ్లాయి. ఎనిడ్ పక్కనే ఉంది. చేతిలో ఉన్న బేకన్ బన్ను అతని నోట్లో పెట్టేసింది.

గోడకి అవతల క్రాన్‌షా నిలబడి ఉన్నాడు, పంపు పక్కన, కుక్కపిల్లని తాడుతో పట్టుకుని. మాట నిలబెట్టుకుంటున్నామో లేదో చూడ్డానికి వచ్చాడు. గంట గడిచినా పోలేదు.

మొదటి విడత అయ్యాక ఒక ఇబ్బంది వచ్చింది. గేట్ల దగ్గర నిలబడి చూసే జడ్జీల్లో ఇద్దరు భార్యాభర్తలు. వాళ్ల పాపకి గొంతు నొప్పని ఇంటికెళ్లిపోయారు. మిగతా వాళ్లు సర్దుకున్నా తొమ్మిదో గేటుకి మనిషి మిగల్లేదు. ఆ గేటు గోడ పక్కనే ఉంటుంది. ఎనిడ్ ఒక అట్ట, పెన్సిలు తీసుకుని గోడ దగ్గరికి నడిచింది.

"క్రాన్‌షా గారూ, ఒక గంట పని ఉంది. చేస్తారా?"

"నాకు స్కీయింగ్ గురించి ఏం తెలుసు?"

"నాకూ తెలీదు," అంది ఎనిడ్. "రూలు ఒక్కటే. రెండు పాదాలూ, రెండు స్కీల మొనలూ కర్రకి ఒకే పక్కనుంచి పోవాలి. ఒకటి ఇటూ ఒకటి అటూ పోతే తప్పు. చూసింది చూసినట్టు రాయండి. సందేహం ఉంటే రాయకండి, దిగినవాళ్లకే వదిలెయ్యాలి."

ఆయన కుక్కపిల్లని గోడకి కట్టేసి, గోడ ఎక్కి ఇటు దిగాడు.

*

రెండో విడత చివర్లో లిండ్సీ ఎక్రాయిడ్ దిగింది. మా క్లబ్బులో అందరికన్నా వేగమైన పిల్ల, పదిహేడేళ్లు. తొమ్మిదేళ్లుగా లీగు పందెంలో జట్టు కప్పు మాకు రాలేదు. ఆ రోజు మేం కెల్డన్ క్లబ్బు కన్నా ముందున్నాం. ఆమె పడకుండా దిగితే చాలు.

ఆమె పడలేదు. నా పెట్టె పదిహేను సెకన్ల మీద చిన్న ముక్క చూపించింది, ఆ రోజు అదే అన్నిటికన్నా తక్కువ. డెరెక్ బల్ల మీద ఆ అంకె రాసి దాని చుట్టూ సున్నా చుట్టాడు. నూట నలభై మంది చప్పుడు లేకుండా చేతులూపారు. అప్పుడు చూశాను, తొమ్మిదో గేటు దగ్గర క్రాన్‌షా చెయ్యి కూడా పైకి లేచి ఉంది. ఊపడం లేదు. అట్ట పట్టుకుని నిలువుగా ఎత్తాడు.

ఎనిడ్ పైకి నడిచింది. మాట్లాడింది. అట్ట తీసుకుని నిదానంగా దిగి నా గుడిసెలోకి వచ్చి కూర్చుంది. అట్ట మీద ఆయన బొమ్మ గీశాడు. కర్ర, రెండు గీతలు, ఒక గీత కర్రకి అవతల్నుంచి. పక్కన ఆమె నంబరు.

నిమిషంలో గుమ్మం దగ్గర లిండ్సీ తండ్రి బ్రూస్ నిలబడ్డాడు.

"ఇదేంటి ఎనిడ్? వాళ్లూ వీళ్లూ ఏదో అంటున్నారు."

"తొమ్మిదో గేటు తప్పిందంటున్నారు."

"ఎవరంటున్నారు? ఆ గొర్రెలాయనా? ఆయన జీవితంలో స్కీ పట్టుకుని చూశాడా? మన మీద రెండేళ్లుగా పగబట్టిన మనిషి!"

"ఆయన్ని అక్కడ నిలబెట్టింది నేను, బ్రూస్."

"అయితే తప్పు నీదే."

"అయ్యుండొచ్చు."

ఇలాంటివి తేల్చడానికి మా దగ్గర ముగ్గురుంటారు. ఎనిడ్, గడియారం మనిషిగా నేను, బయటి క్లబ్బు నుంచి ఒక రిఫరీ. ఆ రోజు రిఫరీ ఇయన్ మెక్‌ఫీ. ఆయనది కెల్డన్ క్లబ్బు. ఆయన లోపలికి వచ్చి టోపీ తీశాడు.

"నేను ఓటెయ్యను. ఈ పిల్ల పోతే కప్పు మాకొస్తుంది. నేను ఎటు చెప్పినా బాగుండదు. మీరిద్దరూ తేల్చండి, మీరేమన్నా మాకు సమ్మతమే."

ఎనిడ్ నా వైపు చూసింది. నాకు ఆ కప్పు కావాలి. ఆ సంగతి ఇప్పుడు చెప్పడానికి సిగ్గు లేదు. "సందేహం ఉంటే దిగినవాళ్లకే కదా," అన్నాను. "మనం ఎవరమూ చూడలేదు. ఆయనకి ఇదే మొదటిసారి."

"ఆయన్నే అడుగుదాం," అంది ఎనిడ్.

క్రాన్‌షా గుమ్మంలో నిలబడ్డాడు. బ్రూస్ ఆయనకి దారి ఇవ్వకపోతే పక్కకి ఒదిగి లోపలికొచ్చాడు.

"ఎంత నమ్మకంగా చెప్పగలరు?" అని అడిగింది ఎనిడ్.

"ఎడమ స్కీ మొన కర్రకి అవతల్నుంచి పోయింది. కర్ర వంగి లేచేసరికి రెండూ ఒకే పక్కనున్నట్టు కనపడ్డాయి. కింద నిలబడ్డవాళ్లకి తెలీదు. నేను పక్కనున్నా."

"వేగంగా పోతుంది కదా," అన్నాను నేను.

"గొర్రె గుంపులోంచి ఒకటి తప్పుకునేటప్పుడు అంతకన్నా టైముండదమ్మా. యాభై ఏళ్లుగా అదే చూస్తున్నా." అట్ట వైపు చూపించాడు. "సందేహం ఉంటే చెయ్యి ఎత్తేవాణ్ణి కాదు. మీకు అక్కర్లేదంటే ఆ అట్ట చింపేసుకోండి, నేనేం అనుకోను. కానీ చూళ్లేదని మాత్రం అనను."

లిండ్సీ తండ్రి వెనక నిలబడి ఉంది, శిరస్త్రాణం చంకలో పెట్టుకుని. ఎనిడ్ ఆ పిల్లని అడిగింది.

"నీకేమన్నా తెలిసిందా, తల్లీ?"

"తెలీదు ఎనిడ్ ఆంటీ. నిజంగానే తెలీదు. ఆ మలుపులో ఏదో తగిలింది. ఎప్పుడూ తగులుతూనే ఉంటుంది."

ఎనిడ్ అట్ట వైపు చాలాసేపు చూసింది.  తర్వాత పెన్సిలు తీసుకుని పట్టీలో లిండ్సీ పేరు ఎదురుగా గీత కొట్టి, పక్కన తొమ్మిదో గేటని రాసింది.

"నేను కూడా చూడలేదు," అంది. "చూసినాయన చెప్తున్నాడు. చూసింది చూసినట్టు రాయమన్నది నేనే. ఇంకెవరి పిల్లయినా ఇదే రాసేదాన్ని."

"మన పిల్ల కాబట్టి రాశావు," అన్నాడు బ్రూస్. "నిజాయితీ చూపించుకోడానికి." కారు తాళాలు జేబులోంచి తీశాడు. "లిండ్సీ, పద."

"నేను రాను నాన్నా. మధ్యాహ్నం రిలే ఉంది."

"పద అన్నానా?"

"బస్సులో వస్తాను."

అతను ఒక్కడే వెళ్లిపోయాడు. కంకర మీద చక్రాలు గిర్రుమన్నాయి.

ఆమె టైము తీసేసి లెక్కేస్తే, సెకనులో మూడు పదో వంతుల తేడాతో కప్పు కెల్డన్‌కి పోయింది. డెరెక్ బల్ల మీద ఆ అంకె చుట్టూ ఉన్న సున్నాని తడిగుడ్డతో తుడిచాడు. సుద్ద చారిక మాత్రం మిగిలింది. అతను ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మైకు లేనందుకో, కప్పు పోయినందుకో అడగలేదు నేను.

సాయంత్రం బహుమతులిచ్చేశాక లిండ్సీ క్రాన్‌షా దగ్గరికెళ్లడం చూశాను. ఆయన గొట్టం చుట్టుకుంటున్నాడు.

"ఎక్కడ తగిలిందో చూపిస్తారా?" అని అడిగింది.

ఇద్దరూ తొమ్మిదో గేటు దాకా ఎక్కారు. ఆయన ఒక మోకాలి మీద కూర్చుని చేతిని స్కీలా పెట్టి చూపించాడు. నేను తీగలు చుడుతూ అక్కడే ఉన్నాను.

"ఇదిగో, ఇక్కణ్ణుంచి వచ్చావ్. నీ చూపు అప్పటికే పదో గేటు మీదుంది. కాళ్లు ఇంకా ఇక్కడే ఉన్నాయి."

"మా కోచ్ కూడా అదే అంటుంది. తొందరపడతానని."

"మా కుక్కపిల్లా అంతే. బాగా పరిగెత్తేవాటికే ఉంటుందా జబ్బు." లేవడానికి కర్ర పట్టుకున్నాడు, అది వంగింది. లిండ్సీ చెయ్యిచ్చి లేపింది. "మీ నాన్న కోపంగా ఉన్నాడా?"

"బాగా."

"నేనైనా అంతే ఉండేవాణ్ణి," అన్నాడు.

వాన తర్వాతి గురువారం వచ్చింది. వచ్చాక వారం రోజులు ఆగలేదు. క్రాన్‌షా మేజోళ్లు ఉతికి, మడతపెట్టి, బ్రౌన్ కాగితంలో చుట్టి ఎనిడ్ గుమ్మం ముందు పెట్టి వెళ్లాడట. తలుపు కొట్టలేదు.

పందెం మర్నాడు సోమవారం లైబ్రరీకి సెలవు పెట్టుకుని ఎనిడ్ ఇంటికెళ్లాను. పందెం ఫలితాలు టైపు చేసి అయిదు క్లబ్బులకీ పంపాలి. నేను అంకెలు చదువుతుంటే ఆవిడ కొడుతోంది. పందెంలో తొడుక్కునే నంబరు గుడ్డలు ఉతికి పెరట్లో తీగ మీద ఆరేసింది. చెరువు నీళ్ల ఆకుపచ్చ మరకలు పూర్తిగా పోలేదు. లిండ్సీ పేరు వచ్చినప్పుడు నేను ఆగాను.

"చదువు," అంది ఎనిడ్.

చదివాను. కొట్టింది. గేటు జడ్జి అన్న చోట ఎన్. క్రాన్‌షా అని కూడా కొట్టింది.

"నీకు కప్పు అక్కర్లేదా?" అని అడిగాను. రాత్రంతా నన్ను తొలిచిన మాట అదే.

"నాకా? ఎక్కడ పెడదామో కూడా అనుకున్నాను. టీ కొట్టు కిటికీలో." టైపు మిషను క్యారేజీ వెనక్కి నెట్టింది. "రాత్రి ఏడ్చాను కూడా. మా ఆయన అడిగితే ఉల్లిపాయలన్నాను."

ఫోను మోగింది. ఆవిడ తీసింది. అవతలి గొంతు నాకూ వినపడింది, బ్రూస్.

"ఫలితాల కాగితం నాకూ ఒకటి పంపుతావా?" అన్నాడు.

"ఈ సాయంత్రం పోస్టులో వేస్తున్నాను. రేపొస్తుంది."

 ఎనిడ్ వేళ్లతో ఫోను తీగని సవరిస్తూ నిలబడింది.

"ఆరో పందెం ఎక్కడ?" అన్నాడు చివరికి.

"కెల్డన్‌లో. మూడు వారాల తర్వాత. మిల్లు గేటు దగ్గర ఆరున్నరకి బస్సు."

"ఆరున్నరకా? తెల్లవారుజామునా?"

"అవును బ్రూస్, తెల్లవారుజామున. నీకూ లిండ్సీకీ రెండు సీట్లు రాసుకోనా?"

"రాసుకో," అన్నాడు. "ముందు సీట్లు వద్దు. డెరెక్ పక్కన అసలొద్దు."

ఎనిడ్ పెన్సిలు అందుకుని గోడ మీద క్యాలెండరులో రెండు గీతలు గీసింది. ఫోను పెట్టేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఊఁ, తర్వాతెవరు?" అంది.

నేను తర్వాతి పేరు చదివాను.